అప్పు చేసి దశమభాగం ఇవ్వాలా?

ప్రశ్న:

అన్నా, వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మా ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంటి దగ్గర మిషన్ కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు రూ.24,000 దాకా వస్తుంది. రెండేళ్ల కిందట ఆయనకు వెన్నుపూస ఆపరేషన్ అయింది. దానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాం. మైక్రో ఫైనాన్స్ వాయిదా వారానికి రూ.1,100 కడుతున్నాం. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు సరేసరి. అయినా నేను దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వడం, మానలేదు. డబ్బు చాలని నెలల్లో మా ఆయనకు తెలియకుండా పక్కింటావిడ దగ్గర ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి చర్చి కానుక కవర్లో పెట్టాను. అది ఇప్పుడు రూ.18,000 అయింది. ఇక అడగడానికి మొహం చెల్లక రెండు నెలలుగా ఇవ్వడం లేదు.

మా సంఘంలో కానుక ఇచ్చినవాళ్ల పేర్లు చదువుతారు. నా పేరు రాలేదు. అదే సమయంలో మా ఆయనకు నడుం నొప్పి తిరగబెట్టింది. దేవుని సొమ్ము దొంగిలించినందుకే ఇలా అయిందని స్త్రీల కూడికలో ఒకామె అన్నది. మా పాస్టరు అయ్యగారు కూడా బైబిల్లో మలాకీ మూడో అధ్యాయం చదివి, అప్పు తీరాలంటే ముందు దశమభాగం తీర్చాలన్నారు. ఆపరేషన్ అప్పుడు, ఆయన లేచి నడిస్తే చర్చికి మైకు సెట్టు కొనిస్తానని మొక్కుకున్నాను. అదీ తీర్చలేదు. నాకు అర్హత లేదనిపించి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం మానేశాను. మా ఆయన చర్చికి రారు. నేను పాపం చేస్తున్నానా?

— ఒక సోదరి

సమాధానం:

అమ్మా, ముందు మీ ఆయన నడుం సంగతి. ఆ నొప్పికీ మీ కవరుకూ సంబంధం లేదు. వెన్నుపూస ఆపరేషన్ అయిన మనిషి రోజంతా ఆటో సీటు మీద కూర్చుని గతుకుల రోడ్ల మీద తిరుగుతుంటే, నొప్పి తిరగబెట్టడానికి శాపం అక్కర్లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు మళ్లీ చూపించండి, ఆలస్యం చేయకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసినప్పుడు శిష్యులకు వచ్చిన అనుమానమే మీ కూడికలో ఆ సోదరికీ వచ్చింది. ఎవరు పాపం చేశారు, ఇతనా, ఇతని కన్నవాళ్లా అని వాళ్లు అడిగారు. ఇతనూ కాదు, కన్నవాళ్లూ కాదని ప్రభువు చెప్పాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం అది. ఈ రాత్రి ఒకసారి చదువుకోండి. రెండు నెలలుగా ఈ భయంతో మీరు నిద్రపోయి ఉండరు. మిగతా విషయాల కంటే ముందు ఆ భయం పోవాలి.

ఇక అసలు ప్రశ్న. అప్పు తెచ్చి దశమభాగం ఇవ్వకండి. ఇకముందు ఒక్క నెల కూడా వద్దు. ఇవ్వకపోవడం పాపం కాదు.

నేను దశమభాగానికి వ్యతిరేకిని కాను. సంఘంలో చందా లెక్కలు చాలా ఏళ్లు రాసినవాణ్ణి. జీతం చేతికి రాగానే పదో వంతు పక్కన పెట్టి, మిగిలిన దానితోనే నెల గడుపుకునే ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్లలో డబ్బు గురించి గొడవలు తక్కువ. మనిషికి డబ్బు మీద పట్టు వస్తుంది, డబ్బుకు మనిషి మీద పట్టు పోతుంది. అది మంచి అలవాటు, పిల్లలకు నేర్పించాల్సిన అలవాటు. కానీ వాళ్లు ఇచ్చేది వాళ్ల సంపాదనలోంచి. మీరు ఇస్తున్నది పక్కింటావిడ డబ్బు. దాని మీద నెలకు రూ.900 వడ్డీ అవుతోంది. ఆ రూ.900 దేవుని పనికీ వెళ్లడం లేదు, అయ్యగారి ఇంట్లో బియ్యానికీ వెళ్లడం లేదు.

మలాకీ మాటలు గట్టివే. దేవుని దగ్గర దొంగిలించారన్న మాట అందులో ఉంది, కాదనను. అయితే ఆ మాట ఎవరితో అన్నాడో చూడాలి. పొలాలు, మందలు ఉండి, మంచి జంతువును ఇంట్లో ఉంచుకుని గుడ్డిదాన్నీ కుంటిదాన్నీ బలిపీఠం దగ్గరకు తోలుకొచ్చినవాళ్లు వీళ్లు. మొదటి అధ్యాయంలో ఆ సంగతి ఉంది. మూడో అధ్యాయంలోనే, దశమభాగం మాట రావడానికి మూడు వచనాల ముందు, కూలివాడికి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీదా విధవరాళ్లను, తండ్రిలేని పిల్లలను బాధపెట్టేవాళ్ల మీదా తానే సాక్ష్యం చెబుతానని దేవుడు అంటాడు. ఎనిమిదో వచనం చదివేవాళ్లు ఐదో వచనం కూడా చదవాలి. చాలాచోట్ల చదవరు. నాకు బాధ కలిగించే విషయం అది.

ఆ దశమభాగం దేన్లోంచి ఇచ్చేవాళ్లో, ఎవరికి వెళ్లేదో కూడా చూడండి. ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువులు: అంటే భూమీ మందా ఉన్నవాళ్ల రాబడి. భూమిలో వంతు లేని లేవీయులు, అంటే మందిర సేవ చేసే గోత్రంవాళ్లు, దాని మీద బతికేవాళ్లు. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం ప్రకారం మూడేళ్లకొకసారి ఆ పదో వంతును ఊళ్లోనే ఉంచాలి. లేవీయులతోపాటు పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు వచ్చి కడుపునిండా తినాలి. పొలం లేనివాళ్ల కోసం ధర్మశాస్త్రం వేరే ఏర్పాటు చేసింది. కోతలప్పుడు గట్ల వెంట కొంత వదిలేయాలి, రాలిన పరిగెను బీదవాళ్లు ఏరుకోవాలి. రూతు ఏరుకున్నది ఆ పరిగే. అలా ఏరుకున్న దాంట్లో పదో వంతు తెచ్చి ఇమ్మని ఆమెను ఎవరూ అడగలేదు. సెంటు భూమి లేకుండా, సంపాదనలో సగం వడ్డీలకు, వాయిదాలకు పోగొట్టుకుంటున్న మీ ఇంటిని ఆ కాలంలో పెడితే, ఇచ్చేవాళ్ల వరుసలో కంటే పుచ్చుకునేవాళ్ల వరుసలోనే ఉండేదని నా నమ్మకం.

ముందు దశమభాగం, తర్వాత అప్పు అని అయ్యగారు అన్నారు కదా. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం తీయండి. ప్రవక్తల శిష్యుల్లో ఒకతను అప్పులు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకులనూ బానిసలుగా తీసుకుపోతానంటున్నాడు. ఆ తల్లి ఎలీషా దగ్గరకు పరుగెత్తింది. ఇంట్లో ఉన్నది ఒక్క నూనె కుండ. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. పాత్రలు ఉన్నంతసేపూ నూనె వస్తూనే ఉంది. ఆ తర్వాత ఎలీషా ఏం చెప్పాడు? నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అంతే. అందులో నాకు ఇంత అనలేదు, మందిరానికి ఇంత అనలేదు. దేవుడు అద్భుతం చేసి ఇచ్చిన సొమ్ములో మొదటి వాటా అప్పులవాడికి వెళ్లింది, రెండోది పిల్లల కంచంలోకి వెళ్లింది. మీ ఇంటికి ఇంతకంటే దగ్గరగా వచ్చే మాట బైబిల్లో నాకు ఇంకొకటి కనిపించలేదు.

రెండు కాసులు వేసిన విధవరాలి సంగతి మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆమెను ప్రభువు మెచ్చుకున్నాడు, నిజమే. కానీ ఆమె వేసినవి తన సొంత కాసులు. ఎవరూ ఆమె పేరు చదవలేదు, శాపం తగులుతుందని చెప్పలేదు. లూకాలో ఆ కథకు సరిగ్గా ముందు, విధవరాళ్ల ఇళ్లు మింగేసే శాస్త్రుల గురించి జాగ్రత్తపడమని ప్రభువు హెచ్చరిస్తాడు. అధ్యాయం మారిపోవడం వల్ల ఆ రెండూ కలిపి చదవడం మనకు అలవాటు తప్పింది. మార్కు ఏడో అధ్యాయంలో ఇంకొకటి ఉంది. అమ్మానాన్నలకు పెట్టాల్సినది దేవుడికి అర్పించేశాం అని చెప్పి చేతులు దులుపుకున్నవాళ్లను ఆయన గట్టిగా కోప్పడ్డాడు. ఇంట్లోవాళ్ల మందుల డబ్బు, పిల్లల ఫీజు డబ్బు తనకు కావాలని ఆయన ఎక్కడా అనలేదు.

మరి ఏమీ ఇవ్వకూడదా? ఇవ్వండి. ఇవ్వకపోతే మీ మనసు ఊరుకోదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మీ దగ్గర ఉన్నదాంట్లోంచి ఇవ్వండి, అంతే. మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం ఆచారం మీకు తెలిసే ఉంటుంది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారి కాలంలో పల్లె సంఘాలు ఎక్కువగా కూలిపనులు చేసుకునే మాల, మాదిగ కుటుంబాలవి. ఆయన 1912లో బిషప్ అయ్యారు, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ ఆయనే. ఆ ఇళ్లలో తల్లులు అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. అది ఆదివారం చర్చికి చేరేది. పాస్టర్ల పోషణలో, చర్చిల కట్టుబడిలో ఆ పిడికిళ్లకు భాగం ఉంది. పొయ్యి మీదికి ఎసరు ఎక్కిన రోజునే ఆ పిడికెడు. ఎక్కని రోజు ఎవరూ అప్పు తెచ్చి వేయలేదు, వేయమని ఎవరూ అడగలేదు. బీదవాళ్లు సిగ్గు లేకుండా, భయం లేకుండా ఇవ్వగలిగిన పద్ధతి అది. మీరూ అలాగే మొదలుపెట్టండి. యాభై రూపాయలో, పిడికెడు బియ్యమో, మీ ఇష్టం. ఉన్న కొద్దీ ఇచ్చినదే దేవుడికి ఇష్టమని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు రాశాడు. అసలు ఆ అధ్యాయం రాసిందే యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం చందా పోగు చేస్తూ.

మొక్కుబడి గురించి మీరు ఎక్కువ కంగారు పడుతున్నట్టున్నారు. మొక్కుకుంటే తీర్చాలి అన్న మాట నిజమే, ప్రసంగి గ్రంథంలో ఉంది. కానీ మొక్కుకుని తీర్చలేని బీదవాడి కోసం ధర్మశాస్త్రంలోనే దారి పెట్టారు. లేవీయకాండం చివరి అధ్యాయం, ఎనిమిదో వచనం. నిర్ణయించిన వెల చెల్లించలేనివాడు యాజకుడి దగ్గరకు వెళ్లాలి, యాజకుడు అతని కలిమి చూసి వెల తగ్గించాలి. మరియ, యోసేపులు కూడా గొర్రెపిల్లను తేలేనివాళ్లకు చెప్పిన పక్షుల జతనే తెచ్చారు. కాబట్టి మీరు అయ్యగారి దగ్గరకు వెళ్లి ఉన్నమాట చెప్పండి: "నా భర్త ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు మైకు సెట్టు ఇస్తానని మొక్కుకున్నాను. ఆయన లేచి నడిచారు, దేవునికి స్తోత్రం. నాకు ఆ స్తోమత లేదు. చేతిలో పని ఉంది." మీరు మిషన్ కుడతారు కదా. బల్ల మీద పరిచే గుడ్డ, చర్చి కిటికీలకు తెరలు, క్రిస్మస్‌కు సండే స్కూలు పిల్లల నాటకం బట్టలు, వీటిలో ఏదైనా గుడ్డ సంఘానిది, కుట్టుపని మీది అనుకోండి. ఆ పని మైకు సెట్టు కంటే తక్కువదని నేననుకోను.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది కాగితం మీద వేసుకోకపోతే భయం తగ్గదు. మూడు రూపాయల అప్పుకు నెలకు రూ.6,000 వడ్డీ, మైక్రో ఫైనాన్స్‌కు నెల మీద రూ.4,800 దాకా, పక్కింటావిడకు రూ.900. అంతా కలిపి దాదాపు రూ.11,700. మీ ఇద్దరి కష్టంలో సగం. మొదట తీర్చాల్సింది ఐదు రూపాయల వడ్డీది, చిన్నదే కాబట్టి త్వరగా తీరుతుంది. దశమభాగంగా లెక్కపెట్టుకునే రూ.2,400ను నెలనెలా దాని అసలుకు కట్టండి. ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. ఆ తర్వాత ఆ రూ.2,400, మిగిలిపోయే వడ్డీ రూ.900, రెండూ కలిపి రూ.3,300 రెండు లక్షల అసలు మీదికి మళ్లించండి. వడ్డీకిచ్చినాయనతో ముందే మాట్లాడి, విడతలుగా అసలు తీసుకుంటానని ఒప్పించుకోండి. కట్టిన ప్రతిసారీ కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి. మీరు డ్వాక్రా గ్రూపులో ఉన్నట్టు రాయలేదు. ఉంటే మీ యానిమేటర్‌ని బ్యాంకు లింకేజీ రుణం గురించి అడగండి, లేకపోతే చేరే వీలుందేమో కనుక్కోండి. బయటి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. బ్యాంకు వడ్డీ దానికంటే చాలా తక్కువ. ఆ రుణం వస్తే నేరుగా రెండు లక్షల అప్పులోకే వెళ్లాలి, మరో ఖర్చులోకి కాదు.

మీ ఉత్తరంలో నాకు నిజంగా ఇబ్బంది అనిపించింది ఒకటే, దాన్ని దాచను. మీ ఆయనకు తెలియకుండా రూ.18,000 అప్పు. ఇది ఆయనకు చెప్పాలి. పక్కింటావిడ ద్వారా తెలిస్తే, చర్చి తన ఇల్లు గుల్ల చేసిందనే అనుకుంటారు. ఆ తర్వాత ఏ వాక్యం చెప్పినా ఆయన చెవికెక్కదు. పిల్లలు పడుకున్నాక, ఆయన మనసు కుదుటగా ఉన్న రోజు చూసి, ఈ లెక్క కాగితం చేతిలో పెట్టి చెప్పండి. "ఇంత తెచ్చాను, ఇందుకు తెచ్చాను, ఇక తేను, ఇలా తీరుస్తాను." కోప్పడతారు. కోప్పడనివ్వండి. దాచి తెచ్చింది మీరే కాబట్టి క్షమించమని అడగండి. మీ భక్తి మీద ఆయనకున్న కోపంలో కొంత భాగం ఈ డబ్బు టెన్షన్ వల్లే అయి ఉంటుంది. మాటలు లేకుండానే భార్య నడవడి చూసి భర్త రాబట్టబడవచ్చని పేతురు రాశాడు. ఆ నడవడిలో ఇంటి లెక్క దాచకపోవడమూ ఒకటి.

అయ్యగారి విషయంలో తొందరపడి చెడ్డ అభిప్రాయానికి రాకండి. మీ సంఘం ఏ డయోసిస్ (బిషప్ పరిధి) కిందనో ఉందో, స్వతంత్ర సంఘమో మీరు రాయలేదు. స్వతంత్ర సంఘమైతే చాలా పల్లెల్లో పాస్టరుకు జీతం అంటూ ఉండదు. ఆదివారం పెట్టెలో పడిందే ఆయన పిల్లల ఫీజు కూడా. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే బతకాలని వాక్యం ఉంది, అది న్యాయం. సంఘంలో స్తోమత ఉన్న ఇళ్లు ఆ బాధ్యత మోయకపోతే, భయపడే ఇళ్ల మీద బరువు పడుతుంది. చాలాచోట్ల జరుగుతున్నది ఇదే. మీరు పాస్టరమ్మగారిని వెంటబెట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లండి. అప్పుల లెక్క మొత్తం చూపించండి. "అయ్యగారూ, నేను ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి కవర్లో పెడుతున్నానని మీకు తెలియదు. ఇక తేలేను. నా కోసం ప్రార్థన చేయండి" అని చెప్పండి. మీ కవర్లోని డబ్బు ఎక్కడిదో తెలిస్తే, మనసున్న కాపరి ఎవరైనా కదిలిపోతాడు. అది విన్నాక కూడా శాపం మాటే ఎత్తితే, సంఘ పెద్దల్లో ఒకరితో చెప్పండి. అప్పటికీ మార్పు లేకపోతే ఆరాధనకు వేరే సంఘానికి వెళ్లడం తప్పు కాదు. క్రీస్తు మన కోసం శాపమై మనల్ని శాపం నుంచి విడిపించాడని గలతీ పత్రిక చెబుతుంటే, రెండు నెలల కవరు కోసం ఆ శాపాన్ని తిరిగి ఒక ఇంటి మీద పెట్టే అధికారం ఎవరికీ లేదు.

పేర్లు చదవడం గురించి పెద్దలతో నేనైతే మాట్లాడతాను. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదన్న ప్రభువు మాట చదివిన నోటితోనే ఎవరెవరు ఇచ్చారో చదవడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. లెక్క పారదర్శకంగా ఉండాలంటే మొత్తం ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో చదివితే చాలు.

మీ జిల్లా సంఘాలకు ఇంకో రకం జ్ఞాపకం ఉంది, పెద్దలకు వీలైతే గుర్తుచేయండి. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడ ముందు జనం ఆకలి చూశారు. మీ సంఘంలో బీదల నిధి ఉందేమో అడగండి. అపొస్తలుల కార్యాల్లో విశ్వాసులు తెచ్చిన డబ్బును అవసరంలో ఉన్నవాళ్లకే పంచారు. ఆపదలో ఉన్న ఇల్లు సంఘాన్ని సాయం అడగడం అవమానం కాదు.

చివరిగా బల్ల. అర్హత లేకుండా తింటే శిక్ష అన్న మాట మిమ్మల్ని భయపెట్టింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయాన్ని పదిహేడో వచనం నుంచి చదవండి. అక్కడ పౌలు కోప్పడింది లేనివాళ్ల మీద కాదు. కలిగినవాళ్లు ముందే తిని తాగి, వట్టి చేతులతో వచ్చినవాళ్లను సిగ్గుపరుస్తున్నారని కోప్పడ్డాడు. కానుక బాకీ ఉంటే బల్ల దగ్గరకు రావద్దని అందులో ఎక్కడా లేదు. పాపాలు ఒప్పుకుని, ప్రభువును నమ్మి వచ్చేవాళ్లదే ఆ బల్ల. వచ్చే ఆదివారం మీ సంఘంలో బల్ల ఉంటే, ఆలోగా మీ ఆయనకు ఆ రూ.18,000 సంగతి చెప్పేయండి, వెళ్లి తీసుకోండి. ఆయన్ని కూడా రమ్మని ఒక్కసారి అడగండి. రానంటే ఊరుకోండి, డాక్టరు దగ్గరకు మాత్రం వెంటబెట్టుకుని వెళ్లండి.